మన చేతిలో ఉన్నదెంత?



మా సంఘంలో ఈ ఏడాది బుధవారం రాత్రి గృహ కూడికల్లో అపొస్తలుల కార్యములు వరుసగా చదువుకుంటున్నాము. పదిహేడవ అధ్యాయం వచ్చింది. పౌలు ఏథెన్సులో సీల, తిమోతిల కొరకు ఎదురుచూస్తూ, సంత వీథిలో కనబడినవారితో మాట్లాడుతుండగా ఎపికూరీయులు, స్తోయికులు కొందరు ఆయనతో వాదానికి దిగిన సంగతి మీకు తెలిసినదే. చదవడం అయ్యాక, మూడెకరాలు కౌలుకు తీసుకొని మిర్చి వేసే ఒక సహోదరుడు చెయ్యెత్తి, "అయ్యగారూ, ఫిలిష్తీయులు, అమాలేకీయులు అన్నట్టు ఈ స్తోయికులు కూడా ఒక జాతివాళ్లేనాండీ?" అని అడిగాడు.

కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వేదాంత పాఠశాలలో డిప్లొమా చదివిన రోజుల్లో, స్తోయికులంటే సుఖదుఃఖాలను సమంగా ఎంచేవారని నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాసుకొని, పరీక్షలో రెండు మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. అంతకు మించి నాకు తెలిసింది లేదు. "జాతి కాదు నాయనా, గ్రీకు జ్ఞానులు. వచ్చే వారం వివరంగా చెప్తాను" అని తప్పించుకున్నాను.

ఆ వచ్చే వారం రావడానికి మూడు నెలలు పట్టింది. మధ్యలో నా వల్ల ఒక తప్పు జరిగింది. అది చెప్పకుండా ఈ వ్యాసం రాస్తే నిజాయితీ అనిపించుకోదు. మందిరం ప్రహరీగోడ లెక్కలు సంఘ పెద్దల్లో ఒకాయన చూస్తున్నారు. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. లెక్కలు అప్పగించడం ఆలస్యమైంది. పెద్దల కూటంలో పదిమంది ఎదుట నేను గొంతు పెంచి, "మీ ఇంటి గోడైతే ఇలాగే వదిలేస్తారా?" అన్నాను. ఆయన ఒక్క మాట కూడా తిరిగి అనలేదు. కండువా భుజాన వేసుకొని లేచి వెళ్లిపోయారు. ఆ ఆదివారం ఆరాధనకు రాలేదు. తరువాతి ఆదివారమూ రాలేదు. కిటికీ పక్కన ఆయన కూర్చునే చోటు ఖాళీగా ఉండిపోయింది. నేను ప్రసంగిస్తున్నంతసేపూ నా కన్ను అక్కడికే పోయేది.

ఆ దినాల్లో స్తోయికుల గురించి చదవడం మొదలుపెట్టాను. కౌలు సహోదరునికి జవాబు చెప్పడానికి పుస్తకం తెరిచాను గాని, మొదటి పుటల నుండే అది నా సంగతి అయి కూర్చుంది.

మొదట పేరు సంగతి. గ్రీకు భాషలో 'స్తోవా' అంటే స్తంభాల వసారా. ఏథెన్సు సంత వీథి పక్కన బొమ్మలు చిత్రించిన వసారా ఒకటి ఉండేది. మారథాన్ యుద్ధం మొదలైన దృశ్యాలు ఆ గోడల మీద ఉండేవట. క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలో జీనో అనే ఆయన ఆ వసారాలో అటూ ఇటూ నడుస్తూ బోధించేవాడు. అందుకని ఆయన శిష్యులకు ఆ పేరు వచ్చింది. మన మాటలో చెప్పాలంటే వాళ్లు 'వసారావాళ్లు'. 1980ల మొదట్లో జరిగిన తవ్వకాల్లో ఆ వసారా పునాదుల్లో కొంత భాగం బయటపడింది.

ఈ జీనో కుప్ర ద్వీపంవాడు. ఊదారంగు వర్తకం చేసేవాడు. అంటే ఫిలిప్పీలో పౌలు బోధ విన్న లూదియ వ్యాపారమే. సరుకుతో వస్తుండగా అతని ఓడ ఏథెన్సు రేవు దగ్గర బద్దలైంది. ఉన్నదంతా పోయినవాడు ఊళ్లోకి నడిచి, పుస్తకాల అంగట్లో కూర్చున్నాడు. అక్కడ సోక్రటీసు గురించిన పుస్తకం చదవడం విని, ఇలాంటి మనుష్యులు ఎక్కడ దొరుకుతారని అడిగాడు. అప్పుడే దారిన పోతున్న క్రేటీస్ అనే జ్ఞానిని చూపి, ఆయన వెంట వెళ్లమన్నాడట అంగడివాడు. పాత గ్రంథకర్తలు చెప్పిన ప్రకారం స్తోయికుల కథ ఇలా ఓడ మునిగిన చోట మొదలైంది.

జీనో తరువాత వచ్చిన క్లియాంథీస్ మన పల్లెటూరివాళ్లకు ఇంకా దగ్గరివాడు. పగలు పాఠం వినేవాడు. రాత్రి తోటలవాళ్లకు బావి నుండి నీళ్లు తోడి పోసి కూలి తెచ్చుకొనేవాడు. రాసుకోవడానికి కాగితం కొనే శక్తి లేక, ఆల్చిప్పల మీద, ఎద్దు భుజపుటెముకల మీద పాఠాలు రాసుకొనేవాడట. నాలుగొందల రూపాయల గైడు కొనివ్వలేదని అలిగి కూర్చున్న మా అబ్బాయికి ఈ సంగతి చెప్పాను. వాడు వినలేదు, అది వేరే సంగతి.

అరేయొపగులో పౌలు, మనుష్యులంతా దేవుని సంతానమే అనే భావం గల మాటను గ్రీకు కవుల మాటగా చెప్పాడు గదా. ఆ మాట అరాటస్ అనే కవిది. ఆ కవి జీనో దగ్గర చదువుకున్నవాడు. పౌలు పుట్టిన కిలికియ దేశంవాడే. తార్సు పట్టణంలో కూడా స్తోయిక పండితులకు పేరుండేది. కాబట్టి పౌలుకు వీళ్లు కొత్తవాళ్లు కారు.

ఇక బోధ సంగతి. దీన్ని అందరికన్నా తేటగా చెప్పినవాడు ఒక దాసుడు. పేరు ఎపిక్టెటస్. ఆ పేరుకు అర్థమే 'సంపాదించబడినవాడు', అంటే వెలపెట్టి కొన్నవాడని. క్రీస్తు శకం 50 ప్రాంతంలో హియెరాపొలిలో పుట్టాడు. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయంలో ఆ ఊరి పేరు మీరు చూడవచ్చు. రోమాలో ఎపఫ్రొదితు అనే అధికారికి దాసుడయ్యాడు (ఫిలిప్పీ పత్రికలోని ఎపఫ్రొదితు వేరు). ఒక కాలు కుంటి. దాసుడుగా ఉండగానే ముసోనియస్ రూఫస్ అనే గురువు దగ్గర చదువుకున్నాడు. కొడుకులకు చెప్పే చదువే కూతుళ్లకూ చెప్పాలని ఆ కాలంలోనే వాదించిన గురువు ఆయన. మా పక్క ఊళ్లో పదో తరగతితో ఆడపిల్లల చదువు మాన్పించేవారు ఇంకా ఉన్నారు కాబట్టి ఈ మాట రాస్తున్నాను.

తరువాత ఎపిక్టెటస్‌కు విడుదల దొరికింది. దొమితియను చక్రవర్తి తత్త్వజ్ఞానులను వెళ్లగొట్టినప్పుడు నికొపొలికి పోయి అక్కడ పాఠశాల పెట్టాడు. పౌలు చలికాలం గడపాలని తీతుకు రాసిన నికొపొలి ఇదేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఎపిక్టెటస్ స్వయంగా ఏమీ రాయలేదు. ఆరియన్ అనే శిష్యుడు ఆయన మాటలు రాసిపెట్టాడు. ఆ ఉపన్యాసాల్లో నాలుగు భాగాలు, వాటి సారంగా కూర్చిన చిన్న చేతిపుస్తకం మనకు మిగిలాయి. తరువాతి కాలంలో మన సన్యాసులు ఆ చేతిపుస్తకాన్ని తమ మఠాల్లో వాడుకున్నారు. సోక్రటీసు అని ఉన్నచోట పౌలు అని మార్చుకొని మరీ వాడుకున్నారు.

ఆ చేతిపుస్తకం మొదలే ఒక పంపకంతో మొదలవుతుంది, అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు. కొన్ని మన వశంలో ఉన్నవి, కొన్ని లేనివి. మన తలంపు, మన నిర్ణయం, మనం కోరేది, మనం వద్దనుకొనేది, ఇవి మనవి. మన శరీరం, ఆస్తి, పేరుప్రతిష్ఠలు, పదవి, ఇవి పూర్తిగా మన వశంలో లేవు. మనవి కానివాటిని మనవనుకొని పట్టుకుంటే అడుగడుగునా ఏడుపే, ఇతరుల మీద నిందే. ఇదీ ఆయన లెక్క.

మొదటిసారి చదివినప్పుడు ఇదేమంత గొప్ప సంగతి అనిపించింది. తరువాత మిర్చి చేను పెట్టి చూశాను. దున్నడం, నారు పొయ్యడం, వేళకు మందు కొట్టడం కౌలు రైతు చేతిలోనివి. వాన, తామరపురుగు, యార్డులో ఆ రోజు పలికే ధర ఆయన చేతిలోనివి కావు. ఆయన రాత్రిళ్లు నిద్ర పోగొట్టుకొనేది వేటి గురించి? రెండో రకం వాటి గురించే. ఆ మథనంలో మొదటి రకం పని కూడా ఒక్కోసారి తప్పిపోతుంది. స్తోయికులు దీనికి విలుకాని ఉదాహరణ చెప్పేవారు. గురి చూడడం, నారి లాగడం, వదలడం వరకే విలుకానివి. బాణం చేయి దాటాక గాలి వీచవచ్చు, గురి కదలవచ్చు. బాగా వెయ్యడమే అతని పని. తగలడం కోరుకోవాలి, కాని తగలకపోతే అతడు చెడ్డ విలుకాడు కాడు.

ఇక్కడ ఒక అపార్థం తీసివెయ్యాలి. ఇది తలరాత సిద్ధాంతమని, చేతులు కట్టుకొని కూర్చోమని చెప్పేదని చాలామంది అనుకుంటారు. ఆ కాలంలోనూ అనుకున్నారు. జబ్బు తగ్గే రాత ఉంటే వైద్యుణ్ణి పిలిచినా పిలవకపోయినా తగ్గుతుంది గదా, పిలవడం ఎందుకు అని కొందరు వాదించారు. స్తోయికుల మూడవ పెద్ద క్రిసిప్పస్ దానికి జవాబు చెప్పాడు. జబ్బు తగ్గడం నిర్ణయమై ఉంటే, వైద్యుణ్ణి పిలవడం కూడా దానితోపాటే నిర్ణయమై ఉంటుందన్నాడు. ఈ రెంటినీ విడదీసి మాట్లాడడం సోమరి వాదమని దానికి పేరు. మన మధ్య కూడా ప్రార్థన చేశాము గదా, ఇక షుగరు మాత్ర ఎందుకు అనేవారున్నారు. వారికి నా మాట ఎక్కకపోతే క్రిసిప్పస్ మాటైనా ఎక్కుతుందేమో.

రెండవ ముఖ్యమైన బోధ ఇది. మనల్ని కలవరపెట్టేది జరిగిన సంగతి కన్నా, దాని గురించి మనం వేసుకొనే తీర్పు. మన ఊళ్లలో శుభలేఖ గొడవలు చూడండి. బంధువులు పెండ్లి పత్రిక తెచ్చి, ఇంట్లో ఎవరూ లేకపోతే గుమ్మంలో పెట్టి వెళ్తారు. జరిగింది అంతే, ఒక కాగితం గుమ్మంలో ఉంది. "మమ్మల్ని లెక్కచెయ్యలేదు" అన్న మాట కాగితం మీద అచ్చయి లేదు. దాన్ని మనమే రాసుకొని మనమే చదువుకుంటాము. ఆ మాట మీద రెండు కుటుంబాలు ఏడేళ్లు మాట్లాడుకోకపోవడం నేను ఎరుగుదును. ఇప్పటి మానసిక వైద్యంలో ఆల్బర్ట్ ఎల్లిస్, ఆరన్ బెక్ అనే ఇద్దరు అమెరికా నిపుణులు తలంపును సరిచేసి దిగులును తగ్గించే పద్ధతులు ప్రవేశపెట్టారు. వాటి మూలం స్తోయికుల దగ్గర ఉన్నదని వాళ్లే ఒప్పుకున్నారు.

ఎపిక్టెటస్ తన సంగతి ఒకటి చెప్పాడు. ఇంట్లో ఇనుప దీపం ఉండేది. ఒక రాత్రి దొంగ ఎత్తుకుపోయాడు. రేపు మట్టి దీపం కొనుక్కుంటే సరిపోతుందని ఆయన అనుకున్నాడు. పోగొట్టుకునేది మన దగ్గర ఉన్నదాన్నే గదా అని ఆయన ధోరణి.

అయితే గుండె దడ కూడా ఉండకూడదా? ఉండకూడదని వాళ్లన్నారనే నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. ఔలస్ గెల్లియస్ అనే రోమా రచయిత రాసిన ఒక ప్రయాణం నా తప్పు దిద్దింది. ఆయన ఇటలీకి వెళ్తున్న ఓడలో ఒక పేరున్న స్తోయికుడు ఉన్నాడు. రాత్రి తుపాను లేచింది, ఓడలోకి నీళ్లు వచ్చాయి. ఈయన ఎలా ఉన్నాడోనని గెల్లియస్ చూస్తే, అందరిలాగే ముఖం పాలిపోయి ఉంది. కేకలు, ఏడుపులు మాత్రం లేవు. తుపాను తగ్గాక ఒక ధనికుడు ఎగతాళి చేశాడు. గెల్లియస్ మాత్రం మర్యాదగా కారణం అడిగితే, ఆ పెద్దమనిషి సంచిలోనుండి ఎపిక్టెటస్ ఉపన్యాసాల అయిదవ భాగం తీసి చూపించాడు. మనకు దొరకకుండా పోయిన భాగాల్లోది అది. హఠాత్తుగా పెద్ద శబ్దమో అపాయమో వచ్చినప్పుడు జ్ఞాని గుండె కూడా అదురుతుంది, ముఖం పాలిపోతుంది, దానికి ఎవరూ బాధ్యులు కారు. ఆ అదురుకు "అవును, ఇది నిజంగా ఘోరమే" అని లోపలినుండి ఒప్పుదల ఇవ్వడం, ఇవ్వకపోవడం దగ్గరే జ్ఞానికీ మూఢునికీ తేడా. అదీ అందులోని సారం.

ఇది చదివిన రాత్రి నేను పెద్దల కూటం మళ్లీ తలచుకున్నాను. లెక్కలు ఇంకా కాలేదని విన్నప్పుడు ఒంట్లో వేడి పుట్టింది. అది నా వశంలో లేదు, ఒప్పుకుంటాను. కాని ఆ వేడికీ నా నోటికీ మధ్య ఒక క్షణం ఉంది. ఆ క్షణంలో "ఈయన నన్ను లెక్కచెయ్యడం లేదు" అనే మాటకు నేను సంతకం పెట్టాను. శుభలేఖ మీద లేని మాట చదువుకున్నవారికీ నాకూ తేడా ఏముంది?

కోపం గురించి మూడు భాగాల పుస్తకమే రాసిన స్తోయికుడు సెనెకా. ఆ పుస్తకాన్ని తన అన్న పేర రాశాడు. ఆ అన్న ఎవరో తెలిస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. తరువాత వేరే కుటుంబానికి దత్తు వెళ్లి గల్లియో అని పేరు మార్చుకున్నాడు. అపొస్తలుల కార్యములు పద్దెనిమిదవ అధ్యాయంలో, కొరింథులో పౌలును న్యాయపీఠం ఎదుటకు తెస్తే ఫిర్యాదు వినకుండా తోలివేసిన అకయ అధిపతి గల్లియోను ఈయనే. కోపానికి అన్నిటికన్నా పెద్ద మందు ఆలస్యమేనని సెనెకా రాశాడు. కోపం వచ్చిన గడియలో ఏమీ చెయ్యవద్దు, క్షమించమని కూడా దాన్ని అడగవద్దు, ఆగమని మాత్రం అడగమంటాడు. మరొక అలవాటు కూడా చెప్పాడు. రాత్రి దీపం తీసేశాక, ఆయన అలవాటు తెలిసిన భార్య మాట్లాడకుండా ఊరుకుంటే, ఆ రోజంతా తాను అన్నవీ చేసినవీ ఒక్కొక్కటే తిరిగి చూసుకొనేవాడు. ఏదీ దాచుకొనేవాడు కాదు. ఫలానా చోట గట్టిగా మాట్లాడావు, ఇకమీదట అలా చెయ్యకు, ఈసారికి క్షమిస్తున్నాను అని తనకు తాను చెప్పుకొనేవాడు.

ఈ అలవాటు నేను పట్టుకున్నాను. అయిదు నిమిషాలు చాలు. మొదటి రాత్రే తెలిసింది, ఉదయం చేసిన ప్రసంగంలో ఎవరిని మనసులో పెట్టుకొని ఒక ఉపమానం చెప్పానో. మా ఇంటావిడ మాత్రం, "అయ్యగారు చీకట్లో లెక్కలు చూసుకుంటున్నారు" అని నవ్వుతుంది.

సెనెకాను మెచ్చుకుంటూనే ఒక మాట చెప్పాలి. ఈయన నీరో చక్రవర్తికి గురువు, తరువాత మంత్రి. పేదరికాన్ని పొగిడి రాసినవాడే, రోమాలో పెద్ద ధనవంతుల్లో ఒకడు. నీరో 59లో కన్నతల్లిని చంపించినప్పుడు, దాన్ని సమర్థించే లేఖ రాసిపెట్టింది ఈయనేనని చరిత్రకారుల మాట. చివరకు 65లో అదే నీరో ఆజ్ఞతో ప్రాణం తీసుకోవలసి వచ్చింది. ఆ మరణం మాత్రం నిబ్బరంగానే జరిగిందంటారు. పౌలుకూ సెనెకాకూ ఉత్తరాలు నడిచాయని పద్నాలుగు లేఖలు ప్రచారంలో ఉన్నాయి. అవి నాలుగవ శతాబ్దంలో ఎవరో కల్పించినవి. ఎవరైనా కరపత్రంలో వాటిని చూపితే నమ్మవద్దు.

ఇంకొకాయన మార్కస్ ఆరేలియస్, 161 నుండి 180 వరకు రోమా చక్రవర్తి. ఆయన పరిపాలనలో పెద్ద తెగులు సామ్రాజ్యమంతా పాకింది. ఉత్తరపు సరిహద్దులో దాన్యూబు నది ఒడ్డున ఏళ్ల తరబడి యుద్ధం. పదముగ్గురికి తక్కువ కాకుండా పిల్లలు పుడితే, ఎక్కువమంది ఆయన కళ్లముందే పోయారు. దండులో గుడారంలో కూర్చొని తనకోసం తాను రాసుకున్న పుస్తకం మనకు మిగిలింది. ఈ రోజు అడ్డుపడేవారూ, కృతజ్ఞత లేనివారూ ఎదురవుతారని పొద్దున్నే తనకు తాను చెప్పుకొనేవాడు. వాళ్లు తనకు బంధువులేనని, వాళ్లతో కలిసి పనిచెయ్యడానికే పుట్టానని కూడా వెంటనే చెప్పుకొనేవాడు. సంఘ కాపరులకు ఆదివారం ఉదయం ఇది బాగా పనికివస్తుంది.

కాని ప్రియులారా, ఈయన దగ్గరే నా అడుగు ఆగింది. మార్కస్‌కు ఎపిక్టెటస్ ఉపన్యాసాల ప్రతిని ఇచ్చిన గురువు రస్టికస్. కృతజ్ఞతతో ఆయన పేరు మొదటి భాగంలోనే రాసుకున్నాడు. ఆ రస్టికసే రోమా నగరాధిపతి అయినప్పుడు, 165 ప్రాంతంలో, మన జస్టిన్‌కూ ఆయనతో ఉన్న విశ్వాసులకూ మరణశిక్ష వేశాడు. విగ్రహాలకు బలి అర్పించనన్నందుకు. ఆ జస్టిన్ స్తోయికుల నీతిబోధను మెచ్చుకొని, ముసోనియస్‌ను పేరుపెట్టి గౌరవించినవాడు. 177లో లియోన్ పట్టణంలో తొంభై దాటిన పోథినస్ అనే అధ్యక్షుడు దెబ్బలకు చెరసాలలో చనిపోయాడు. బ్లాండీనా అనే దాసి బహిరంగ స్థలంలో చంపబడింది. అప్పుడూ చక్రవర్తి మార్కసే. నిబ్బరం గురించి అంత రాసుకున్న మనిషి, ఆ దాసి నిబ్బరాన్ని చూడలేకపోయాడు. తన మనసును అదుపులో పెట్టుకోవడం తెలిసినంత మాత్రాన ఎదుటివాని ప్రాణం విలువ తెలుస్తుందని చెప్పలేము.

నేను అంగీకరించలేనివి ఇంకా రెండున్నాయి. బిడ్డను ముద్దు పెట్టుకొనేటప్పుడు, ముద్దాడుతున్నది చనిపోయే మనిషినని గుర్తుపెట్టుకోమని ఎపిక్టెటస్ చెప్తాడు. అప్పుడు బిడ్డ పోయినా కలతపడవట. నిరుడు మా సంఘంలో నాలుగేళ్ల పాపను సమాధి చేశాము. ఆ తల్లికి ఈ మాట ఎలా చెప్పను? లాజరు సమాధి దగ్గర మన ప్రభువు ఏడ్చాడు, కొద్దిసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. నేను ఆ తల్లి పక్కన కూర్చున్నాను, అంతే. అయితే ఎపిక్టెటస్ మీద కోపం కూడా నిలవలేదు. చాలాకాలం ఒంటరిగా బ్రతికిన ఆయన, ముసలితనంలో ఒక స్నేహితుడు పెంచలేక పారవెయ్యబోయిన బిడ్డను తెచ్చుకొని, సాకడానికి ఒక స్త్రీని ఇంటికి తెచ్చుకున్నాడని తరువాతివారు రాశారు. ఆ బిడ్డను ముద్దు పెట్టుకున్నప్పుడు ఆయన ఏమనుకున్నాడో!

రెండవది మరీ ముఖ్యం. బ్రతుకు భరించలేకపోతే తలుపు తెరిచే ఉంది, వెళ్లవచ్చు అన్నట్టు స్తోయికులు రాశారు. ఇది నేను ఎంతమాత్రం ఒప్పుకోను. అప్పులపాలై పురుగుమందు తాగిన రైతు ఇంట్లో నేను ప్రార్థన చేశాను. ఆ ఇల్లాలికి ఆ తలుపు ఎటు తెరుచుకుందో చూశాను. ఈ పుట చదివేవారిలో ఎవరికైనా అలాంటి తలంపు వస్తుంటే, ఈ రాత్రే ఇంట్లోవారికో, కాపరికో, స్నేహితునికో నోరు విప్పి చెప్పండి. టెలి మానస్ అని ప్రభుత్వంవారి ఉచిత ఫోను ఉంది, నంబరు 14416, రాత్రింబగళ్లు పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు. అప్పు మీ చేతిలో లేకపోవచ్చు. ఫోను మీ చేతిలో ఉంది.

ఈ రెండూ పక్కన పెడితే, మిగిలినది వాడుకోదగినదే. వియత్నాం యుద్ధంలో జేమ్స్ స్టాక్‌డేల్ అనే అమెరికా నౌకాదళ విమాన చోదకుడు 1965 సెప్టెంబరులో శత్రువులకు చిక్కాడు. కాలు విరిగింది. ఏడున్నర సంవత్సరాలు చెరలో చిత్రహింసలు పడి 1973లో విడుదలయ్యాడు. కుంటి దాసుని చేతిపుస్తకంలో తాను చదువుకున్నదే తనను నిలబెట్టిందని తరువాత చాలాసార్లు చెప్పాడు. అంత పెద్ద కష్టం మనకు రాకపోవచ్చు. మనకు వచ్చేవి ప్రహరీగోడ కష్టాలు.

నా గోడ సంగతికి వస్తాను. ఏ పని తలపెట్టినా 'ఏదీ అడ్డురాకపోతే' అని లోపల చేర్చుకోవాలని స్తోయికులు నేర్పారు. యాకోబు తన పత్రికలో ప్రభువు చిత్తమైతే అనుకోమన్న మాటకు ఇది దగ్గర. రాబోయే చెడును ముందుగానే తలచుకొని సిద్ధపడమని కూడా చెప్పారు. ఒక శనివారం సాయంత్రం ఆ పెద్దాయన ఇంటికి నడుస్తూ దారిలో మూడు విధాలుగా సిద్ధపడ్డాను. తలుపు వెయ్యవచ్చు, నలుగురిలో నన్ను తిట్టవచ్చు, అసలు పలకకపోవచ్చు. ఆయన ఏం చేస్తారో నా వశంలో లేదు. వెళ్లి తప్పు ఒప్పుకోవడం నా వశంలోనిది. మూడు నెలలు దాన్ని చెయ్యకుండా, ఆయన మళ్లీ మందిరానికి వస్తారా రారా అని మాత్రం ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఆయన పశువుల పాకలో గేదెకు గడ్డి వేస్తున్నారు. "బాబాయిగారూ, ఆ రోజు నేనన్నది తప్పు. పదిమందిలో అన్నాను. పదిమందిలోనే ఒప్పుకుంటాను" అన్నాను. ఆయన కొంతసేపు గడ్డి సర్దుతూనే ఉన్నారు. తరువాత చేతులు కడుక్కొని, "కూర్చోండి అయ్యగారూ, మజ్జిగ తాగి వెళ్దురుగాని" అన్నారు. గేదె పాలు తగ్గించిన సంగతి, కాలువకు నీళ్లు ఆలస్యమైన సంగతి మాట్లాడారు. మందిరం ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మర్నాడు ఆరాధనలో సంఘమంతటి ఎదుట నా తప్పు చెప్పుకున్నాను. ఆయన రాలేదు. వాళ్ల ఆవిడ వచ్చి, ముసుగు ముందుకు లాక్కొని తల వంచుకొని కూర్చుంది.

ఆ బుధవారం కౌలు సహోదరునికి బాకీ తీర్చాను. వసారా సంగతి, దాసుని సంగతి, విలుకాని సంగతి అన్నీ చెప్పాను. శ్రద్ధగా విని, "బాగానే ఉందండీ. అయితే మిర్చి ధర గురించి మాత్రం వాళ్లు కూడా ఏమీ చెప్పలేదన్నమాట" అన్నాడు. ఈసారి నేనూ నవ్వాను.

ఇది రాస్తున్న నాటికి మరి మూడు ఆదివారాలు గడిచాయి. కిటికీ పక్క చోటు ఇంకా ఖాళీగానే ఉంది. అక్కడ ఎవరూ కూర్చోరు. మొన్న ఆరాధన అయ్యాక వాళ్ల ఆవిడ సంచిలోనుండి ఒక పుస్తకం తీసి, "మీకు ఇమ్మన్నారండీ" అని నా చేతికిచ్చి వెళ్లింది. ప్రహరీగోడ లెక్కలు. ఒక్కో రూపాయీ తేదీ వేసి రాసి ఉంది. చివరి పేజీలో ఇసుక లారీ రసీదు అన్నం మెతుకులతో అంటించి ఉంది.